కొత్త చైను, పాత పళ్ళు: 21 గేర్ల సైకిల్‌కి ఇంట్లో చైను మార్చిన కేస్ స్టడీ

సైకిల్ చైను మార్చడం అరగంట పని. ఈ కేసులోనూ పాతది విప్పి కొత్తది వేయడానికి అంతకంటే పెద్దగా పట్టలేదు. తలనొప్పి అంతా ఆ తర్వాతే. పాత చైనుతో ఒక్కసారీ జారని సైకిలు, కొత్త చైను వేసిన రోజు నుంచే జారడం మొదలుపెట్టింది. చాలామంది ఇక్కడే చైను నాసిరకమని తేల్చేసి షాపు మీదకి గొడవకు వెళ్తారు. చైనులో ఏ లోపమూ లేదు. జారబోతోందని చైను కొనక ముందే టేపుతో కొలిచి చెప్పగలిగిన కేసు ఇది.

సైకిలు, ఫిర్యాదు

హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు తిరిగే హైబ్రిడ్ సైకిలు. ముందు మూడు చైన్‌వీల్స్, 42, 34, 24 పళ్ళవి. వెనక ఏడు చిన్న చక్రాలు ఒకే గుత్తిగా ఉన్న ఫ్రీవీలు, వాటి పళ్ళు 14, 16, 18, 20, 22, 24, 28. చైనుని పక్క చక్రం మీదకి నెట్టి గేరు మార్చే డిరేలర్లు షిమానో టూర్నీ రకం. గేర్ల సైకిళ్ళలో చవకగా దొరికే వాటిలో ఈ అమరిక బాగా మామూలు. కొన్నప్పటి చైనే ఇంకా ఉంది, రెండు వానాకాలాలు చూసింది. యజమానికి గాలి కొట్టడం తప్ప సైకిల్ పని రాదు.

ఫిర్యాదు ఇది: గేరు ఆలస్యంగా పడుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గరగరమంటోంది, అప్పుడప్పుడు ముందు చైను ఊడి క్రాంక్ (పెడల్ కాడ) మీద పడుతోంది. జారడం మాత్రం లేదు.

కొలత

చైను సాగింది అంటాం గానీ ఇనుప ప్లేట్లు సాగవు. ప్రతి కీలు దగ్గరా పిన్ను, దాని మీద తిరిగే లోపలి ప్లేటు అంచు ఒకదాన్నొకటి ఒరుసుకుని అరుగుతాయి. ఒక్కో కీలులో అరుగుదల కంటికి కనపడదు. నూటికి పైగా కీళ్ళది కలిస్తే అర అంగుళం అవుతుంది. రోడ్డు దుమ్ము, నూనె కలిసి కట్టిన నల్లటి ముద్ద ఆ కీళ్ళ మధ్య ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. అందుకే నూనె ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదనుకునే సైకిళ్ళ చైన్లు త్వరగా పోతాయి.

కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు 12.7 మి.మీ. ఉంటుంది, అంటే అర అంగుళం. ఇదే ఒక లింకు. 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు, 304.8 మి.మీ. స్కూలు స్కేలు దీనికి చాలదు. ఎక్కడ అదనపు అరుగుదల చూడాలో అక్కడికే అది అయిపోతుంది. బట్టలు కొలిచే టేపు తనే సాగుతుంది. స్టీలు టేపు వాడాలి. దాని కొస కొక్కెం కాస్త ఊగుతుంది కాబట్టి సున్నా నుంచి కొలవకూడదు. 10 సెం.మీ. గీతను ఒక పిన్ను మధ్యలో పెడితే, 24 లింకుల అవతలి పిన్ను 40.48 దగ్గర ఉండాలి. చైను సైకిల్ మీదే ఉండగా, వెనక బ్రేకు పట్టుకుని పెడల్‌ని కాస్త నొక్కి పై వైపు బిగుతుగా ఉంచి కొలిస్తే సరిగ్గా వస్తుంది.

ఆ అంకె కంటే ఒకటిన్నర మి.మీ. ఎక్కువ వస్తే కొత్త చైను కొనే ఏర్పాటు చేసుకోవాలి. ఏడు, ఎనిమిది గేర్ల చైన్లయితే రెండు మి.మీ. దాటేదాకా లాగొచ్చు. మూడు మి.మీ. వచ్చిందంటే ఒక శాతం అరుగుదల. అప్పటికి ఆ చైను వెనక పళ్ళని కూడా తనతో పాటే తినేసి ఉంటుంది. ఈ సైకిల్‌కి మూడు మి.మీ. కంటే కాస్త ఎక్కువే వచ్చింది. చైనుతో పాటు ఫ్రీవీలు కూడా మార్చాల్సి రావచ్చని అప్పుడే చెప్పడం జరిగింది. ముందు చైను వేసి చూద్దాం, అవసరమైతే అదీ మారుద్దాం అని యజమాని అనుకున్నారు. అది తప్పు నిర్ణయమేమీ కాదు. ఫ్రీవీలు బాగుంటే డబ్బు మిగిలేది. పాత ఫ్రీవీలు మీద కొద్ది రోజులు నడిపినంత మాత్రాన కొత్త చైనుకి పెద్ద నష్టం జరగదు, జారుతుంటే తొక్కకుండా ఉంటే చాలు.

పళ్ళు అరిగాయో లేదో చూసి చెప్పడం కొత్తవాళ్ళకి కష్టం. గేరు సాఫీగా మారడానికి కంపెనీవాళ్ళే కొన్ని పళ్ళని పొట్టిగా, కొన్నిటిని ఒక వైపు చెక్కి తయారుచేస్తారు. వాటిని చూసి అరిగాయనుకునేవాళ్ళు ఎక్కువ. కొలతనే నమ్మాలి.

కొన్న సామాను

షాపులో 21 గేర్ల చైను కావాలని అడిగితే అర్థమవుతుంది గానీ, చైనుకి లెక్క వెనక చక్రాలే. ఇక్కడ ఏడు. ఆరు, ఏడు, ఎనిమిది చక్రాలకి ఒకే చైను సరిపోతుంది: లోపలి వెడల్పు 2.4 మి.మీ., బయటి వెడల్పు 7 మి.మీ. పైచిలుకు. గేర్లు లేని మామూలు సైకిల్ చైను లోపలి వెడల్పే 3.2 మి.మీ. దాన్ని గేర్ల సైకిల్‌కి వేస్తే పక్క చక్రాన్ని రాసుకుంటుంది, గేర్లు సరిగ్గా మారవు. చవగ్గా వస్తోందని అది తెచ్చుకుని ఇబ్బంది పడేవాళ్ళు ఉన్నారు.

కేఎంసీ జడ్8.3 తీసుకున్నారు, 116 లింకులది, చేత్తో కలిపే క్విక్ లింకుతో. షిమానో హెచ్‌జీ40 కూడా ఇదే సైకిల్‌కి అంతే బాగా సరిపోతుంది. అయితే పిన్ను కొట్టి కలిపే చైనుని మొదటిసారి చేసేవాళ్ళు తీసుకోకపోవడమే మేలు. పిన్ను మిల్లీమీటరులో కొంత అటూ ఇటూ అయినా ఆ లింకు బిగుసుకుపోతుంది, లేదా దారిలో ఊడుతుంది. క్విక్ లింకుతో ఆ బాధ లేదు. ఏడు, ఎనిమిది గేర్ల క్విక్ లింకుని విప్పి మళ్ళీ వాడొచ్చు కూడా. చైను ప్యాకెట్లో లేకపోతే విడిగా అమ్ముతారు, 7/8 స్పీడు అని అడగాలి.

పనిముట్లలో తప్పనిసరి, చైను పిన్నుని బయటికి తోసే చైన్ కట్టర్ ఒక్కటే. మిగతావి ఇంట్లోవే: పాత దినపత్రికలు, పాత టూత్‌బ్రష్, కాస్త కిరసనాయిలు, గుడ్డలు, రెండు వైపులా కొక్కెంలా వంచిన పాత స్పోకు. ఈ స్పోకు చిన్న వస్తువే కానీ చాలా ఉపయోగం. చైను రెండు కొసల్నీ దగ్గరగా పట్టుకుని ఉంచుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

విప్పడం

ముందుగా గేర్లు ముందు 24కి, వెనక 14కి తెచ్చారు. అప్పుడే చైను అన్నిటికన్నా వదులుగా ఉంటుంది. తర్వాత ముందు చైను తీసి, చైన్‌వీలు లోపలి వైపు క్రాంక్ గూడు మీద పడేశారు. దీంతో డిరేలర్ లాగుడు దాదాపు పోతుంది. పాత చైను డిరేలర్‌లో నుంచి వెళ్తున్న దారిని వెనక నుంచీ పక్క నుంచీ ఫోనులో రెండు ఫొటోలు తీసుకున్నారు. సైకిల్‌ని తలకిందులుగా పెట్టలేదు, గోడకి ఆనించారు. తలకిందులుగా పెడితే పని తేలికే గానీ, చైను దారి కూడా తలకిందులవుతుంది. ఫొటోతో పోల్చుకోవడంలో కొత్తవాళ్ళు అక్కడే తికమకపడతారు.

చైన్ కట్టర్‌లో చైను కూర్చునే గాళ్ళు చాలావాటికి రెండు ఉంటాయి. మరకి దూరంగా, వెనక గోడకి ఆనుకుని ఉన్నదే పిన్ను తీయడానికి. మరకి దగ్గరగా ఉన్న గాడి బిగుసుకుపోయిన లింకుని వదులు చేయడానికి. దగ్గరి గాడిలో పెట్టి పిన్ను తోస్తే ఆ గాడి విరుగుతుంది. కట్టర్ సూది పిన్ను నడిమధ్యన ఆనిందో లేదో కళ్ళు దగ్గర పెట్టి చూసి, ఆ తర్వాతే తిప్పాలి. మొదట గట్టిగా అడ్డుకుంటుంది, తర్వాత చిన్న టక్కుతో కదులుతుంది. ఆ టక్కు రాకుండా బరువు పెరుగుతూనే ఉంటే సూది పక్కకి ఆనిందని అర్థం. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాలి. ఇక్కడ మొండిగా తిప్పితే చవక కట్టర్ల సూది వంగుతుంది లేదా విరుగుతుంది. ఈ కేసులో మొదటి ప్రయత్నం పక్కకే ఆనింది. బరువు తెలియగానే ఆపడంతో కట్టర్ బతికింది.

చైను తీశాక ఫ్రీవీలు, చైన్‌వీల్స్, డిరేలర్ రెండు పుల్లీలు కిరసనాయిలు బ్రష్‌తో కడిగి పొడిగా తుడవాలి. ఫ్రీవీలు లోపలి బేరింగుల్లోకి కిరసనాయిలు కారకుండా బ్రష్ తడిగా ఉంటే చాలు, గిన్నెతో పోయకూడదు. పాత ముద్ద మీద కొత్త చైను వేస్తే మొదటి రోజు నుంచే అరుగుదల మొదలవుతుంది.

పొడవు

రెండు చైన్లనీ పక్కపక్కన నేల మీద పరిచి కొసలు కలిపి కొత్తదాన్ని కోయడం అందరికీ తోచే పద్ధతి. పాత చైను అరిగి ఉంటే ఆ పద్ధతి లెక్క తప్పిస్తుంది. ఇక్కడి పాత చైనులో 108 లింకులు. కొత్తగా ఉన్నప్పుడు అది 54 అంగుళాలు. ఒక శాతం అరిగాక 54న్నర. ఆ పొడవుకి కొత్త చైనుని కోస్తే 109 లింకులు వస్తాయి. చైను కలవాలంటే లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి రావాలి కాబట్టి మొత్తం సంఖ్య సరిసంఖ్యే అవ్వాలి. 109తో కొసలు కలవవు. అందుకని పొడవు చూడకుండా లింకులు లెక్కపెట్టాలి. లెక్క తప్పకుండా పదేసి లింకుల దగ్గర చాక్‌పీసుతో గీత పెట్టుకోవడం మంచిది. క్విక్ లింకు కూడా ఒక లింకు కిందే లెక్క. 108 కావాలంటే చైను మీద 107 ఉంచి, రెండు కొసల్లోనూ లోపలి లింకులు మిగిలేలా కోయాలి.

పాత చైను పొడవే సరైనదని నమ్మకం లేదు, ఎవరు ఎప్పుడు మార్చారో తెలియదు కాబట్టి. సరిచూడటానికి కొత్త చైనుని డిరేలర్ పుల్లీల్లోంచి పోనివ్వకుండా నేరుగా ముందు 42 మీదా వెనక 28 మీదా చుట్టి బిగుతుగా లాగాలి. కొసలు కలవగలిగే మొదటి చోటు నుంచి ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం, కలుపుకుని కోయాలి. అంకెల్లో కావాలంటే: క్రాంక్ మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకు దూరాన్ని అంగుళాల్లో రెట్టింపు చేసి, దానికి పెద్ద చైన్‌వీలు పళ్ళలో నాలుగో వంతు, పెద్ద వెనక చక్రం పళ్ళలో నాలుగో వంతు, పైన ఒకటి కలపాలి. ఈ సైకిల్‌కి దూరం 17.375 అంగుళాలు. 34.75, 10.5, 7, 1 కలిపితే 53.25. చైను అంగుళాల్లోనే కలుస్తుంది కాబట్టి పైకి సవరిస్తే 54, అంటే 108 లింకులు. పాత చైను పొడవు సరైనదే అన్నమాట.

అనుమానం వస్తే పొడవు వైపే ఉండాలి. రెండు లింకులు ఎక్కువైతే చిన్న గేర్లలో వేలాడి చప్పుడు చేస్తుంది, అంతే. రెండు తక్కువైతే ఎప్పుడో ఏమరుపాటున పెద్ద చైన్‌వీలు, పెద్ద వెనక చక్రం కలిసిన గేరు పడ్డప్పుడు డిరేలర్ విరుగుతుంది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. కోయగా మిగిలిన ఎనిమిది లింకుల్ని పారేయకుండా ఉంచమన్నాం.

వేయడం, ఒక చప్పుడు

చైను వెనక చక్రం మీద నుంచి కిందకి వచ్చి పై పుల్లీకి ముందు వైపు నుంచి, కింది పుల్లీకి వెనక వైపు నుంచి వెళ్ళి ముందుకి రావాలి. ముందు డిరేలర్ పంజరంలోంచి కూడా పోవాలి. దీన్ని మరిచిపోయి చైను కలిపేసి మళ్ళీ విప్పేవాళ్ళు తక్కువేం కాదు. క్విక్ లింకు ఒక సగం అటు నుంచి, రెండో సగం ఇటు నుంచి దూర్చి, లాగి గాడిలో పెట్టాక, ఆ లింకు పై వైపుకి వచ్చేలా పెడల్ తిప్పాలి. వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని పెడల్ మీద చేత్తో బలంగా నొక్కితే టక్కున కూర్చుంటుంది. కూర్చున్నాక రెండు పిన్నులూ గాడి చివరకంటా వెళ్ళాయో లేదో చూడాలి. సగం కూర్చున్న లింకు ఎక్కడైనా ఎత్తు ఎక్కుతుండగా ఊడుతుంది.

తిప్పి చూస్తే డిరేలర్ దగ్గర ఆగకుండా కరకర. రెండు పుల్లీల మధ్య పంజరానికి చిన్న ఇనుప నాలుక ఉంటుంది, చైను బయటికి జారకుండా. చైను దాని లోపలి వైపు నుంచి పోవాలి. ఇక్కడ బయటి వైపు నుంచి పోయింది. మొదటిసారి చేసేవాళ్ళ దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. గేర్లు మారుతూనే ఉంటాయి, అందుకే కొందరు ఆ చప్పుడుతోనే వారాలు తిరుగుతారు. ఈలోపు ప్లేట్లు, నాలుక రెండూ అరిగిపోతాయి. లింకు విప్పి సరిచేయడం రెండు నిమిషాల పని. చేత్తో రాకపోతే లింకు రెండు పక్కల రోలర్లకీ (పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాలకీ) షూలేసు చుట్టి ఒకదాని వైపు ఒకటి లాగితే వదులవుతుంది.

కొత్త చైనుకి ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ఉంటుంది, దాన్ని కిరసనాయిలుతో కడగకూడదు. పైన జిగురుగా ఉన్నది పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

జారడం

స్టాండు మీద అన్ని గేర్లూ చక్కగా తిరిగాయి. రోడ్డు మీద, ముందు 34లో, వెనక 16లోనో 18లోనో ఉండి గట్టిగా తొక్కగానే చైను టక్కున ఒక పన్ను ఎక్కి ముందుకి జారింది. మిగతా చక్రాల మీద లేదు.

జారడానికి మూడు నాలుగు కారణాలు ఉంటాయి, ఏదో తేల్చుకోకుండా స్క్రూలు తిప్పితే గేర్లు కూడా పాడవుతాయి. కలిపిన చోట లింకు బిగుసుకుంటే జారడం ఒక లయలో వస్తుంది: 108 లింకుల చైను, 34 పళ్ళ చైన్‌వీలు మీద క్రాంక్ మూడు చుట్లు దాటాక ఒకసారి చొప్పున, ఏ చక్రం మీదైనా. వెనక్కి మెల్లగా తిప్పుతూ పుల్లీల దగ్గర చూస్తే ఆ లింకు గెంతడం కనపడుతుంది. గేరు వైరు సరిగ్గా లేకపోతే తేలిగ్గా తొక్కినా టకటకమంటుంది, పక్క చక్రానికి ఎక్కబోతుంది. వైరు చివర ఉన్న గుండ్రటి స్క్రూని అర చుట్టు తిప్పితే మార్పు తెలుస్తుంది. హ్యాంగర్ వంగితే కొన్ని చక్రాల మీద బాగుండి, కొన్నిటి మీద ఎంత తిప్పినా కుదరదు. వెనక నుంచి చూస్తే డిరేలర్ పంజరం చక్రాలకి సమాంతరంగా ఉండదు.

ఈ సైకిల్‌కి ఇవేవీ కావు. బరువు వేస్తేనే జారుతోంది, ఎక్కువ వాడిన రెండు చక్రాల మీదే జారుతోంది, లయ లేదు. అంటే ఆ పళ్ళు అరిగిపోయాయి. పాత చైను, పాత పళ్ళు కలిసి అరిగాయి. లింకుల మధ్య దూరం పెరిగే కొద్దీ పళ్ళ మధ్య గుంటలు కూడా దానికి తగ్గట్టు వెనక్కి అరిగాయి, కాబట్టి వాటికి వాటికి కుదిరింది. కొత్త చైను దూరం 12.7 మి.మీ. ఆ గుంటల్లో దాని రోలర్లు అన్నీ ఒకేసారి ఆనవు, ఒకటో రెండో మాత్రమే బరువు మోస్తాయి. అవి వాలుగా అరిగిన పన్ను మీదుగా పైకి ఎక్కి జారతాయి. చిన్న చక్రం మీద చైను పట్టే పళ్ళు తక్కువ కాబట్టి అక్కడే ముందు తెలుస్తుంది. ముందు 34 పళ్ళ చైన్‌వీలు ఎందుకు బాగుందంటే, పళ్ళు ఎక్కువ, బరువు పంచుకుంటుంది. చైన్లు సమయానికి మారిస్తే రెండు మూడు ఫ్రీవీళ్ళ దాకా అది ఆగుతుంది.

వాడుకుంటే అదే సర్దుకుంటుందిలే అని కొందరు సలహా ఇస్తారు. సర్దుకుంటుంది, నిజమే, కొత్త చైను కూడా అరిగిపోయాక. ఈలోపు నిలబడి తొక్కుతుండగా జారితే మనిషి హ్యాండిల్ మీదకి పడతాడు. పరీక్ష కూడా సీటు మీద కూర్చునే చేయాలి, వాహనాలు లేని చోట.

ఫ్రీవీలు

పాత కొలతే, 14 నుంచి 28 పళ్ళది, తెచ్చారు. 34 పళ్ళ పెద్ద చక్రం ఉన్నది కూడా ఇదే హబ్‌కి, అంటే ఇరుసు చుట్టూ ఉండే దిమ్మకి, ఎక్కుతుంది. కానీ అప్పుడు లెక్క 54.75కి చేరి 110 లింకులు కావాలి. దాచిన ముక్కలోంచి ఒక లోపలి లింకుని ఇంకో క్విక్ లింకుతో కలపాల్సి వస్తుంది. ఆ పైన డిరేలర్ అంత పెద్ద చక్రాన్ని మోసే రకమో కాదో చూసుకోవాలి.

ఫ్రీవీలు విప్పడం మాత్రం ఇంట్లో చేయకపోవడమే మంచిదని మా అభిప్రాయం. తొక్కిన ప్రతిసారీ అది మరలో ఇంకా బిగుసుకుంటుంది, ఏళ్ళ బిగింపు చేతి పానాకి లొంగదు. టైరుతో సహా సైకిల్ వెనక చక్రం ఒక్కటే విప్పి షాపుకి తీసుకెళ్తే, వాళ్ళు పళ్ళ రిమూవర్‌ని ఫ్రీవీలు గాడిలో పెట్టి, ఊడకుండా ఇరుసు నట్టుతో తేలిగ్గా ఆపి, బెంచి వైస్‌లో బిగించి చక్రాన్నే ఎడమ వైపుకి తిప్పుతారు. అయిదు నిమిషాల పని. ఇంట్లోనే చేయాలంటే రిమూవర్, 24 మి.మీ. పానా, దానికి తొడిగే పొడవాటి పైపు కావాలి. కదలగానే నట్టు వదులు చేయాలి. కొత్తది ఎక్కించేటప్పుడు హబ్ మరకి గ్రీజు రాసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. వంకరగా ఎక్కించి పానాతో బిగిస్తే అల్యూమినియం మర పోతుంది, దాంతో హబ్బే పోతుంది. చేత్తో బిగిస్తే చాలు, మిగతాది తొక్కుడే బిగిస్తుంది.

కొత్త ఫ్రీవీలుతో అదే చైను, అదే 34, అదే ఎత్తు. జారలేదు. గేరు వైరు అర చుట్టు సర్దితే 20 మీద ఉన్న చిన్న చప్పుడూ పోయింది.

తర్వాత

ఫ్యాక్టరీ గ్రీజు పోయి చైను పొడిగా కిచకిచమన్నప్పుడు చైన్ ల్యూబు ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, కాసేపాగి, పైనున్నదంతా తుడిచేయాలి. నూనె కావాల్సింది కీలు లోపల, పైన కాదు. కొబ్బరి నూనె, వంట నూనె వద్దు, జిగురు కడతాయి. కుట్టుమిషన్ నూనె అప్పటికి పనికొస్తుంది, ఒక వాన పడితే పోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు నూనెకి బదులు కావు.

టేపు కొలత నెలకోసారి చూసుకోమన్నాం, వానాకాలంలో ఇంకా తరచుగా. 40.48 దగ్గర ఉండాల్సిన పిన్ను 40.65 దాటగానే చైను మార్చేస్తే ఈ ఫ్రీవీలు ఇంకో రెండు చైన్లకి పనికొస్తుంది. సీటు కింద సంచిలో ఒక 7/8 స్పీడు క్విక్ లింకు, దాచిన ముక్కలోంచి రెండు లింకులు, కట్టర్ పెట్టుకుంటే దారిలో తెగినా ఇంటికి చేరొచ్చు.